ముప్పై మూడో మనిషి: సేవ్ కాని లెక్కల చరిత్ర

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఈ రోజు మాట్లాడబోయే సంగతి పైకి చూస్తే చప్పగా ఉంటుంది. కంప్యూటర్లో ఒక ఫారం నింపుతాం. కింద "సేవ్" అని రాసున్న చోట నొక్కుతాం. "సేవ్ అయింది" అని ఆకుపచ్చ అక్షరాల్లో జవాబొస్తుంది. మనం లేచి టీ తాగడానికి వెళ్ళిపోతాం. నాలుగు రోజుల తర్వాత అదే పేజీ తెరిస్తే మనం రాసింది ఉండదు, లేదా సగమే ఉంటుంది. మధ్యలో తప్పు జరిగిందని ఎవరూ అనలేదు. ఎర్ర అక్షరాలు రాలేదు, గంట మోగలేదు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళు బాగా భయపడేది ఇలాంటి తప్పుకే. యంత్రం ఆగిపోతే నలుగురూ పరిగెత్తుకొస్తారు. యంత్రం నవ్వుతూ అబద్ధం చెబితే ఎవరొస్తారు?

కంప్యూటర్ వాళ్ళ గొడవ మాకెందుకయ్యా అని మీరు రేడియో కట్టేయకముందే ఒక మాట. నేను కొన్నేళ్ళు ముసఫ్ఫాలో పనిచేశాను. అక్కడ తెర మీద ఒక చిన్న గడి సేవ్ కాకపోతే ఒక మనిషి ఎండలో చేసిన రెండు గంటల కష్టం పోతుంది. అందుకని ఈ చరిత్రని నేను అక్కడి నుంచే చూస్తాను.

ముసఫ్ఫా తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అబుధాబి నగరం ఒక దీవి మీద ఉంది. వంతెన దాటి ఇవతలి గడ్డకి వస్తే ఈ పారిశ్రామిక వాడ తగులుతుంది. "ఎం" అక్షరం పక్కన అంకె పెట్టి పిలిచే బ్లాకులు, వాటి నిండా గ్యారేజీలు, ఇనుము కోసి అతికించే యార్డులు, గోదాములు. ఇంకాస్త ముందుకెళితే లేబర్ క్యాంపులు, షాబియా వైపు ఫ్లాట్లు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల మనుషులు, కడప వాళ్ళు, గోదావరి జిల్లాల వాళ్ళు అందరూ కనిపిస్తారు. నగరంలో కనిపించే గాజు మేడలకి కావలసిన ఇనుము, తలుపులు, గొట్టాలు చాలావరకు ఇలాంటి చోట్ల తయారయ్యేవే. ప్రతి కాంట్రాక్టు కంపెనీలోనూ టైమ్‌కీపరు అనే ఉద్యోగి ఉంటాడు. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో రాయడమే అతని పని. జీతం పెద్దది కాదు గానీ, అందరి జీతాలూ అతని వేలి చివర ఉంటాయి.

ఇంతకీ రాసిన లెక్క పోకుండా చూడటం అన్నది కంప్యూటర్లతో పుట్టిన సమస్య కాదు. మన ఊరి షావుకారుకి చిట్టా ఉండేది, ఆవర్జా ఉండేది. బేరం జరిగిన వెంటనే, జరిగిన వరసలోనే చిట్టాలో పడుతుంది. రాత్రి తీరిగ్గా కూర్చుని ఆ చిట్టా చూసి ఎవరి ఖాతాలోకి వాళ్ళ పద్దు ఆవర్జాలో ఎక్కిస్తాడు. మధ్యలో దీపం ఆరిపోయినా, నిద్ర ముంచుకొచ్చినా చిట్టా ఉంది కదా, మర్నాడు అక్కడి నుంచి ఎత్తుకుంటాడు. డేటాబేసులు చేసేది అచ్చం ఇదే. అసలు ఖాతా ముట్టుకునే ముందు, చేయబోయే మార్పుని లాగ్ అనే వరస పుస్తకంలో రాసి డిస్కు మీదకి దించుతాయి. ఆ తర్వాతే "సరే" అంటాయి. కరెంటు పోయి తిరిగొస్తే లాగ్ చదువుకుని ఆవర్జా సరిచేసుకుంటాయి.

ఈ పద్ధతిని శాస్త్రంగా మలిచిన వాళ్ళలో ముఖ్యుడు జిమ్ గ్రే. 1970లలో ఐబీఎం కంపెనీ శాన్ హోసే పరిశోధనశాలలో సిస్టమ్ ఆర్ అనే డేటాబేసు తయారైనప్పుడు అందులో పనిచేశాడు. 1981లో ట్రాన్సాక్షన్ అనే భావన గురించి ఒక వ్యాసం రాశాడు. ఒప్పందం లాంటిదే ట్రాన్సాక్షన్, అయితే పూర్తిగా అవ్వాలి, లేదా అసలు మొదలే కానట్టు ఉండాలి అన్నది దాని సారం. 1983లో థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అనే ఇద్దరు జర్మన్ పండితులు ఈ లక్షణాలకి యాసిడ్ అని పొట్టిపేరు పెట్టారు. అందులో చివరి అక్షరం "మన్నిక"ని సూచిస్తుంది. ఒకసారి సరే అన్నాక ఆ మాట నిలబడాలి అని. గ్రేకి 1998లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. 2007 జనవరి 28న ఒంటరిగా పడవలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సముద్రంలోకి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. ఉపగ్రహ చిత్రాలు కూడా వెతికారు. పడవ జాడ దొరకలేదు.

అయితే ఆ మన్నిక మాటలో ఒక మెలిక ఉంది. డేటాబేసు చేతికి అందిన లెక్కకే డేటాబేసు పూచీ. చేతికి రాకముందే దారిలో జారిపోయిన దానికి ఎవరు పూచీ? బ్యాంకులో గుమాస్తా ఎదురుగా టెర్మినల్ ఉన్న కాలంలో ఆ దారి పొట్టిది. ఇంటర్నెట్ పేజీలు వచ్చాక దారి పొడవైంది. బ్రౌజరు, నెట్‌వర్కు, వెబ్ సర్వరు, అందులో ఫారం విప్పి చూసే భాష, ఆ భాష నుంచి డేటాబేసుకి కబురు తీసుకెళ్ళే డ్రైవరు. ఇన్ని చేతులు మారాలి. పెళ్ళి భోజనంలో వంటశాల నుంచి చివరి బంతి దాకా నెయ్యి గిన్నె వచ్చేసరికి ఏమవుతుందో మీకు తెలుసు కదా.

1990ల చివర్లో మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ అనే పద్ధతిలో పేజీలు రాసేవాళ్ళు. అందులో "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" అని ఒక వాక్యం ఉండేది. తప్పు జరిగినా పట్టించుకోకు, తర్వాతి పంక్తికి పో అని దానర్థం. ఎర్రర్లు కనబడితే యజమాని కోప్పడతాడని ప్రోగ్రామర్లు ఈ వాక్యం పైన పెట్టేసి చేతులు దులుపుకునేవాళ్ళు. డేటాబేసు "కుదరదు" అన్నా ప్రోగ్రాము వినదు. కిందికి పోయి "సేవ్ అయింది" అని రాసేస్తుంది. ఆ వాక్యం నిజంగా జరిగిన పనిని చూసి రాసింది కాదు, అక్కడ ఎప్పుడూ ఉండే పంక్తి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

తర్వాత పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ జంట వచ్చింది. డబ్బు కట్టనక్కర్లేదు, చవక సర్వర్లలో నడుస్తుంది. అమీర్‌పేటలో నేర్చుకుని విమానమెక్కిన కుర్రవాళ్ళు గల్ఫ్‌లో చిన్నా పెద్దా కంపెనీలకి హాజరు పట్టీలు, గోదాం లెక్కలు, అన్నీ ఇందులోనే రాసి ఇచ్చారు. మంచి పనిముట్లే. కానీ మైఎస్‌క్యూఎల్‌కి అప్పట్లో మొహమాటం ఎక్కువ. కాదు అని అనలేదు. పది అక్షరాలు పట్టే గడిలో పదమూడు ఇస్తే పది ఉంచుకుని మూడు పారేసి "సరే" అనేది. ఫిబ్రవరి 31 అని తేదీ ఇస్తే సున్నాలు రాసుకుని "సరే" అనేది. లోపల ఒక హెచ్చరిక రాసుకునేది గానీ, అడిగితేనే చెప్పేది. అడిగేవాళ్ళు తక్కువ.

మన భాషకి ఇందులో ఒక ప్రత్యేకమైన దెబ్బ తగిలింది. "వెంకటేశ్వర్లు" అన్న పేరు తీసుకోండి. ఇంగ్లీషులో రాస్తే 13 అక్షరాలు, 13 బైట్లు. తెలుగులో రాస్తే యూనికోడ్ లెక్కన గుడులూ పొల్లులూ కలిపి అవీ 13 గుర్తులే. కానీ యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు కావాలి. అంటే 39 బైట్లు. మైఎస్‌క్యూఎల్ 4.1 వెర్షను, అంటే 2004 దాకా, పేరుకి 30 అని జాగా ఇస్తే 30 బైట్లనే అర్థం. కొలిచి కోస్తే సరిగ్గా పది గుర్తులు మిగులుతాయి. మిగిలేది "వెంకటేశ్వర". చూశారా! అదీ పేరే. చూసినవాడికి కోత పడిందన్న అనుమానమే రాదు. ఇక గడిని పడమటి దేశాల లిపికి మాత్రమే కేటాయించి ఉంటే పేరు మొత్తం ప్రశ్నార్థకాలుగా మారిపోయేది. వెంకటేశ్వర్లుకి పదమూడు ప్రశ్నార్థకాలు. అరబ్బీ పేర్లకీ అదే గతి. ఒకసారి ప్రశ్నార్థకమైన పేరుని ఏ మంత్రం వేసినా తిరిగి తీసుకురాలేం, ఎందుకంటే లోపల ఉన్నది నిజంగా ప్రశ్నార్థకమే. 2005లో వచ్చిన 5.0 వెర్షనులో "స్ట్రిక్ట్" అనే పద్ధతి పెట్టారు, పట్టకపోతే పట్టదని చెప్పేలా. కానీ దాన్ని మనం కావాలని తెరవాలి. అది ముందుగానే తెరిచి వచ్చింది 2015లో, 5.7 వెర్షనుతో. పదేళ్ళు పట్టిందన్నమాట.

ఇప్పుడు ముసఫ్ఫాకి వద్దాం. 2009లో యూఏఈ ప్రభుత్వం జీతాల రక్షణ పద్ధతి తెచ్చింది. డబ్ల్యూపీఎస్ అంటారు. అంతకుముందు చాలా చోట్ల జీతం కవరులో పెట్టి చేతికి ఇచ్చేవాళ్ళు. ఇచ్చారా, ఎంత ఇచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నది ఎవరి మాట వాళ్ళది. డబ్ల్యూపీఎస్ వచ్చాక కంపెనీ ఒక ఫైలు తయారుచేసి బ్యాంకుకో ఎక్స్ఛేంజికో పంపాలి. అది కేంద్ర బ్యాంకు ద్వారా వెళుతుంది, కార్మిక శాఖకి కనబడుతుంది. ఆ ఫైలు కట్టుబాటు నాకు చాలా నచ్చింది. ఒక్కో కార్మికుడికి ఒక్కో పంక్తి ఉంటుంది. చివరిగా ఒక కాపలా పంక్తి ఉంటుంది. పైన ఎన్ని పంక్తులున్నాయి, మొత్తం ఎన్ని దిర్హాములు అన్నది అందులో చెప్పాలి. దారిలో ఒక మనిషి పంక్తి జారిపోతే లెక్క తేలదు, ఫైలు వెనక్కి వస్తుంది. వెనకటి గుమాస్తాలు పేజీ అడుగున కూడిక వేసి పై పేజీకి తీసుకెళ్ళేది ఇందుకే.

కానీ ఆ కాపలా ఫైలు తయారైన తర్వాతే మొదలవుతుంది. ఫైలులోకి రాకముందు, హాజరు పట్టీ దగ్గరే గంటలు పోతే? అక్కడ 33 మందికి 33 పంక్తులూ ఉంటాయి. కూడికా సరిపోతుంది. ఒకడి ఓటీ ఉండవలసిన చోట తక్కువ అంకె ఉంటుంది, అంతే. తక్కువ అంకె తప్పు కాదు కదా.

అలాంటిదే జరిగింది. అది చెప్పాలంటే ముందు బెర్లిన్ వెళ్ళాలి. 2011 డిసెంబరు 28న అక్కడి కేయాస్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సభలో అలెగ్జాండర్ క్లింక్, జూలియన్ వెల్డె అనే ఇద్దరు ఒక లోపం చూపించారు. ఫారంలోని గళ్ళ పేర్లని ఒక పద్ధతిగా ఎంచి వేలకొద్దీ పంపితే, వాటిని సర్దుకోలేక సర్వరు ఉక్కిరిబిక్కిరవుతుంది. చిన్న కంప్యూటరుతో పెద్ద సర్వరుని కూలబెట్టొచ్చు. పీహెచ్‌పీ ఒక్కటే కాదు, చాలా భాషలకి ఈ బలహీనత ఉంది. పీహెచ్‌పీ వాళ్ళు రెండు వారాల్లో మందు విడుదల చేశారు. 2012 జనవరి 10న వచ్చిన 5.3.9 వెర్షనులో ఒక హద్దు పెట్టారు: ఒక ఫారం నుంచి 1000 గళ్ళకి మించి తీసుకోవద్దు. మించినవి పారేసి, సర్వరు లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, పని కొనసాగించు. వెయ్యి గళ్ళున్న ఫారం ఎవడు నింపుతాడు అనుకుని ఉంటారు. ముసఫ్ఫాలో టైమ్‌కీపరు నింపుతాడు.

నేను చూసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఒక యార్డులో స్కాఫోల్డింగ్ కట్టే గ్యాంగు, 33 మంది. ఓటీ నమోదు చేసే పేజీలో మనిషికి ఒక వరస, రోజుకి ఒక గడి. ఇంగ్లీషు అక్షర క్రమంలో పేర్లు. 2012లో పాత సర్వరు మార్చి కొత్తది పెట్టారు. కొత్తదాంట్లో కొత్త పీహెచ్‌పీ ఉంది. అక్టోబరు నుంచి ఒక మనిషి గొడవ మొదలుపెట్టాడు. నిజామాబాద్ జిల్లా మనిషి, యాభైకి దగ్గర పడుతున్నాడు. పేరు ఇంగ్లీషులో రాస్తే వై అక్షరంతో మొదలవుతుంది. జాబితాలో అందరికన్నా కింద, ముప్పై మూడో మనిషి. ఓటీ పోతోందంటాడు. అదీ ప్రతి నెలా కాదు. అక్టోబరులో పోయింది, నవంబరులో సరిగ్గా వచ్చింది. డిసెంబరులో పోయింది, జనవరిలోనూ పోయింది. ఫిబ్రవరిలో వచ్చింది. మార్చిలో మళ్ళీ పోయింది. ఇంకో విచిత్రం, పోయిన నెలల్లో కూడా మొదటి నాలుగు రోజుల ఓటీ వస్తోంది. ఐదో తారీకు నుంచి సున్నా.

ఇలాంటి లెక్క చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మనిషి చేసిన పనే అనిపిస్తుంది. టైమ్‌కీపరు మలయాళీ. మనవాళ్ళ ఓటీ కోసేస్తున్నాడని క్యాంపులో గుసగుస మొదలైంది. పాపం అతనేమో ఫోర్‌మన్ ఇచ్చిన కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో గడీ నింపుతాడు. అడుగున కూడిక సరిపోయిందో లేదో చూస్తాడు. అప్పుడే సేవ్ నొక్కుతాడు. ఆ కూడిక బ్రౌజరు వేసేది, సర్వరుకి పంపకముందే. అది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. ఆకుపచ్చ అక్షరాలూ వస్తాయి. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళని అడిగితే మా దగ్గర బాగానే ఉంది అన్నారు. వాళ్ళు పరీక్షించేది ఐదుగురి గ్యాంగుతో.

నన్ను చూడమన్నది ఏప్రిల్లో. ఏప్రిల్ నెల పట్టీ మీద ఎన్నిసార్లు పరీక్షించినా ఒక్క గడి కూడా పోలేదు. పోదు కూడా. క్యాలెండరు వైపు చూశాక గానీ దారి కనబడలేదు. పోయిన నెలలు అక్టోబరు, డిసెంబరు, జనవరి, మార్చి. అన్నీ 31 రోజుల నెలలు. మార్చి పట్టీ తెరిచి అదే పని చేస్తే వెంటనే పోయింది. అప్పుడు మూడు చోట్ల లెక్కపెట్టాను. బ్రౌజరు పంపినవి ఎన్ని, సర్వరులో ప్రోగ్రాము చేతికి అందినవి ఎన్ని, డేటాబేసులో నిలిచినవి ఎన్ని. 33 మందికి 31 రోజులంటే 1023 గళ్ళు. ఖాళీగా ఉన్న గడి కూడా వెళుతుంది. వాటికి ముందు ప్రాజెక్టు, గ్యాంగు, నెల, సంవత్సరం అని నాలుగు. మొత్తం పంపినవి 1027. అందినవి సరిగ్గా 1000. నిలిచినవీ అవే. పోయినవి 27, ముప్పై మూడో మనిషి ఐదో తారీకు నుంచి నెలాఖరు దాకా. 30 రోజుల నెల అయితే 990కి నాలుగు కలిపి 994. హద్దు లోపలే. సర్వరు లాగ్ తెరిస్తే నెలల తరబడి అదే హెచ్చరిక, గళ్ళు వెయ్యి దాటాయని. యంత్రం చెప్పలేదనడం కూడా న్యాయం కాదు. ఎవరూ వెళ్ళని గదిలో నిలబడి చెప్పింది.

సరిచేయడం అరగంట పని. హద్దు పెంచడం ఒకటి. దానికన్నా ముఖ్యం, ఎన్ని గళ్ళు పంపుతున్నానో ఆ అంకెని కూడా ఫారం మొదట్లోనే పంపి, అందిన లెక్క దానికి సరిపోకపోతే పట్టీ మొత్తం తిప్పికొట్టడం. డబ్ల్యూపీఎస్ ఫైలులో కాపలా పంక్తి చేసే పనే ఇది. ఆకుపచ్చ అక్షరాల బదులు, సేవ్ అయ్యాక డేటాబేసు నుంచి మళ్ళీ చదివి తెచ్చిన కూడికని తెర మీద చూపించేలా మార్చారు.

పాత బాకీ దగ్గర మాత్రం అరగంటలో తేలలేదు. అక్కడి చట్టం ప్రకారం ఓటీ గంటకి మామూలు గంట కూలి మీద కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి, రాత్రి వేళైతే 50 శాతం. ఫోర్‌మన్ కాగితాలు వెతికించారు. డిసెంబరు, జనవరి, మార్చి కాగితాలు దొరికాయి, డబ్బు ఇచ్చారు. అక్టోబరు కట్ట ఆఫీసు ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి మారినప్పుడు ఎక్కడో పోయింది. కాగితం లేదు, కంప్యూటర్లో సున్నా ఉంది, కాబట్టి ఆ నెలది ఇవ్వలేమన్నారు. నేను వెళ్ళి ఆయనకి జరిగింది చెప్పాను, ఎవరూ కావాలని చెయ్యలేదని. విని కాసేపు ఊరుకున్నాడు. "అన్నా, పైసలు పోతే పోయినయ్. గా దినాలల్ల నేను పనే చెయ్యలేదన్నట్టు రాసిన్రు గదా, అదే మనసుల వడ్తలేదు" అన్నాడు. తర్వాత టైమ్‌కీపరు దగ్గరికి వెళ్ళి చేయి కలిపాడట. అది నేను చూడలేదు, క్యాంపు వాళ్ళు చెప్పారు.

ఆ మాట నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు, పరీక్ష రాసిన పిల్లల్లో కొందరికి గైర్హాజరు అని పడింది. తప్పినవాళ్ళ జవాబు పత్రాలన్నీ మళ్ళీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. పరిశీలించాక వెయ్యిమందికి పైగా పాసయినట్టు తేలింది. ఈలోపల ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదాలన్నిటికీ లెక్క తప్పే కారణమని నేననను, అలా అనడం తేలిక చేసి మాట్లాడటమే అవుతుంది. కానీ హాల్లో కూర్చుని మూడు గంటలు రాసిన పిల్లకి, నువ్వు రానేలేదు అని తెర చెబితే ఆ ఇంట్లో ఆ పూట ఎలా గడిచిందో ఊహించగలను.

బ్రిటన్లో ఇంకా పెద్ద కథ నడిచింది. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. దాని లెక్కల్లో డబ్బు తక్కువ చూపిస్తే, సబ్ పోస్టుమాస్టరే తిన్నాడన్నారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు. జైలుకి వెళ్ళినవాళ్ళున్నారు, మన భారతదేశం నుంచి వెళ్ళిన కుటుంబాల వాళ్ళూ అందులో ఉన్నారు. అదే కాలంలో ఆ దేశపు చట్టం మారి, తేడా చూపించనంతవరకు కంప్యూటర్ సరిగ్గా పనిచేసినట్టే భావించాలి అన్న సూత్రం కోర్టుల్లో నిలిచింది. తేడా ఎవరు చూపించాలి? లాగ్ ఎక్కడుందో కూడా తెలియని పోస్టుమాస్టరు చూపించాలి. 2019 డిసెంబరులో న్యాయమూర్తి ఫ్రేజర్ ఆ వ్యవస్థలో లోపాలున్నాయని తీర్పిచ్చాడు. 2021లో శిక్షల రద్దు జోరందుకుంది, 2024లో పార్లమెంటు చట్టం చేసి మిగతావి కొట్టేసింది. ఇరవై ఏళ్ళకి పైగా అయింది.

2020 సెప్టెంబరు చివర్లో ఇంగ్లండులోనే 15,841 కొవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన ఫైళ్ళని పాత తరహా ఎక్సెల్ పట్టీల్లోకి ఎక్కించారు. ఆ పట్టీలో 65,536 వరసలకి మించి పట్టవు. మించినవి కింద నుంచి తెగిపోయాయి. మన ముప్పై మూడో మనిషి లాగే, జాబితా అడుగున ఉన్నవాళ్ళే పోయారు. వాళ్ళని కలిసినవాళ్ళకి కబురు చెప్పడం ఆలస్యమైంది.

డేటాబేసుల లోపల కూడా అన్నీ సవ్యంగా లేవని 2018లో తేలింది. పోస్ట్‌గ్రెస్ అన్నిటికన్నా నమ్మకస్తురాలని పేరు. రాసింది డిస్కుకి దించు అని అది ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. లినక్స్ ఒకసారి "కుదరలేదు" అని చెప్పి, ఆ సంగతే మరిచిపోతుంది. పోస్ట్‌గ్రెస్ మళ్ళీ అడిగితే "అయింది" అంటుంది. డిస్కు మీద మాత్రం ఏమీ ఉండదు. ఇరవై ఏళ్ళపాటు ఇది ఎవరి కంటా పడలేదు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన మార్పుతో, ఇలాంటి జవాబొస్తే పోస్ట్‌గ్రెస్ మళ్ళీ అడగడం మానేసింది. ఉన్నపళంగా ఆగిపోయి, చిట్టా మళ్ళీ చదువుకుంటుంది. నాకు ఈ పరిష్కారం ఇష్టం. నమ్మకం లేనప్పుడు ఆగిపోవడం కన్నా మర్యాద ఏముంది?

నిజానికి గత పదిహేనేళ్ళ చరిత్ర అంతా ఈ మొహమాటం వదిలించుకునే చరిత్రే. మాంగోడీబీ డ్రైవర్లు మొదట్లో రికార్డు పంపేసి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయేవి. 2012 నవంబరులో ఆగి వినడం అలవాటు చేశారు. రైల్స్ వాళ్ళకి "సేవ్" అని ఒకటి, దాని పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి ఇంకొకటి ఉంటాయి. మొదటిది కుదరకపోతే మెల్లగా కాదంటుంది, ఆ మాట వినకపోతే మన ఖర్మ. రెండోది గట్టిగా అరుస్తుంది. పీహెచ్‌పీలో డేటాబేసు తప్పుకి ముందుగానే అరిచేలా పెట్టింది 2020లో 8.0 వెర్షనుతో, మిగతా సగం 2021లో 8.1తో. వెయ్యి గళ్ళ హద్దు దాటితే మాత్రం అప్పటికీ హెచ్చరికే.

ఇవన్నీ యంత్రం వైపు పనులు. మనిషి వైపు పని ఒకటి మన తెలుగు నేల మీదే జరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మస్టర్లూ చెల్లింపులూ మొదటి నుంచీ కంప్యూటర్ ఎక్కాయి. దానితోపాటే సామాజిక తనిఖీ వచ్చింది. కంప్యూటర్లో ఉన్న లెక్కని కాగితం మీదకి దించి, ఇంటింటికీ తిరిగి అడిగి, చివరికి గ్రామసభలో పైకి చదివేవాళ్ళు. ఫలానా ఆమె, ఇన్ని రోజులు, ఇంత కూలి అని. రాని రోజుకి తన పేరు ఎందుకుందని అడిగేవాళ్ళు కొందరు, వచ్చిన రోజుకి తన పేరు ఏదని అడిగేవాళ్ళు కొందరు. పత్రికల్లో మొదటి రకం గురించి ఎక్కువ రాశారు, అది దొంగతనం కాబట్టి. రెండో రకం ప్రశ్న అడగడానికి ఇంకో చోటే లేదు. లేని రికార్డుకి ఫిర్యాదు నంబరు ఉండదు.

ముసఫ్ఫాలో ఆ గొడవ సద్దుమణిగాక ఆ టైమ్‌కీపరు తనంతట తనే ఒక పద్ధతి పెట్టాడు. పట్టీ మూసేసే ముందు, డేటాబేసు నుంచి తీసిన ప్రింటుని క్యాంపు మెస్సు గోడకి రెండు రోజులు అంటించేవాడు. ఎవరి వరస వాళ్ళు చూసుకుని సంతకం పెట్టాలి, చదవడం రానివాళ్ళకి పక్కవాడు చదివి చెప్పాలి. మొదటి నెలే ఒక వెల్డరుకి ఒక శుక్రవారం గంటలు తేడా కనబడ్డాయి. అది యంత్రం తప్పు కాదు, ఫోర్‌మన్ రాతలో ఒకటి ఏడులా ఉంది.

మీ ఇళ్ళల్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే, ఈసారి ఫోను చేసినప్పుడు అడగండి. రోజూ ఓటీ గంటలు తేదీ వేసి చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటున్నారా అని. ఫోన్లో రాసుకుంటే దాని ఫొటో ఒకటి మీకు పంపమనండి. ముప్పై ఒకటో తారీకుది కూడా.